కదలని నీటిగీత

పదకొండేళ్ల తర్వాత తండ్రిని కారెక్కించుకుని మార్లిస్ పాత ఆవిరి ఇంజన్ల తిరనాళ్ల గేటు దగ్గరికి వచ్చిందనీ, టికెట్లు చింపే ఆవిడ ఆ ముసలాయన మొహం చూసి చాచిన చెయ్యి వెనక్కి లాక్కుందనీ పోయినవారం చదివారు. ఆవిడ చెయ్యి ఎందుకు వెనక్కి పోయిందో, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

ఇదే టోర్‌డాల్ ఊరి బయట, ఇదే మైదానంలో, పదకొండేళ్ల కిందట ఆగస్టు ఆఖరి శనివారం నాడే ఒక ఆవిరి ఇంజన్ బాయిలర్ పేలింది. ఇంజనీరుగా దాన్ని నడుపుతున్నది ఆర్విన్, మార్లిస్ తండ్రి. బొగ్గు వేస్తున్నది గేలెన్, మార్లిస్ భర్త. పేలిన క్షణానికి ఆర్విన్ కిందికి దిగి పెద్ద చక్రం చాటున ఉన్నాడు, బతికిపోయాడు. గేలెన్ కాలిన ఒంటితో ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి ఏడో రోజు పోయాడు. బాయిలర్‌లో నీళ్లు అడుగంటినా ఇంజనీరు చూసుకోలేదని విచారణకొచ్చిన అధికారులు రాసుకున్నారు. ఆర్విన్ ఆ కాగితం కింద మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. దాంతో లైసెన్సు పోయింది, పరువు పోయింది, కూతురు కూడా పోయిందనే చెప్పాలి. మార్లిస్ వారం వారం సరుకులూ మందులూ తండ్రి ఇంటి గుమ్మంలో పెట్టి వచ్చేది గాని, గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

ఇప్పుడాయనకి ఎనభైమూడు. మంచు కురిసే నాటికి ఈ గుండె ఆగిపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. ఆయన కూతుర్ని ఒక్కటే అడిగాడు, ఒకసారి ఆ తిరనాళ్లకి తీసుకెళ్లమని. ఆవిడ ఎందుకు ఒప్పుకుందో ఆవిడకే తెలీదు. గేటు లోపల తిరనాళ్ల సంఘం అధ్యక్షుడు డెల్మర్ ఎదురొచ్చి, "ఇంజన్ల చుట్టూ కట్టిన తాడు ఇవతల బెంచీ మీద కూర్చోవచ్చు. ఏ ఇంజన్‌కైనా పదడుగుల దూరంలో కనబడితే బయటికి పంపించేస్తాను" అన్నాడు. డెల్మర్ అంటే పోయిన గేలెన్‌కి అన్న. ఆయన కోపానికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

మార్లిస్ కొడుకు ట్రెవర్ అప్పటికే సంఘం వాళ్ల పెద్ద ఇంజన్ మీద ఉన్నాడు. దానికి హిల్డా అని పేరు. ట్రెవర్ పాతికేళ్లవాడు, ఈ వసంతంలోనే లైసెన్సు తెచ్చుకున్నాడు. తాతని చూసి వీపు తిప్పుకున్నాడు. అక్కడ ఆపాం.

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ బాగా ఉంది. హిల్డా చక్రం మీంచి నూరడుగుల బెల్టు సాగిపోయి నూర్పిడి యంత్రాన్ని తిప్పుతోంది. బండి మీంచి ఇద్దరు మనుషులు గోధుమ పనలు అందిస్తుంటే యంత్రం వాటిని మింగి ఒక గొట్టంలోంచి గింజలూ మరో గొట్టంలోంచి గడ్డీ కక్కుతోంది. చెక్క మెట్ల మీద నాలుగు వందలమంది కూర్చుని చూస్తున్నారు. వాళ్లలో సగంమంది తాతలు ఇలాగే నూర్చినవాళ్లు. అందుకే దుమ్ము కళ్లలో పడుతున్నా ఎవరూ లేవరు.

మార్లిస్ చర్చి ఆడవాళ్ల డేరా నుంచి కాఫీ రెండు కప్పులూ, పుల్లటి రూబార్బ్ కాడల తీపిరొట్టె ముక్క ఒకటీ తెచ్చి తండ్రి పక్కన బెంచీ మీద పెట్టింది. ఆయన వాటివైపు చూడలేదు. పిట్టల్ని చూడ్డానికి వాడుకునే చిన్న దుర్భిణి కళ్లకి పెట్టుకుని హిల్డా వైపే చూస్తున్నాడు.

"టైమెంతయింది?" అన్నాడు.

"రెండూ పది."

"ఒంటిగంటన్నరకి బెల్టు తగిలించాడు. నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాల్లో వాడు ఒక్కసారి కూడా బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించలేదు."

"అవసరం లేదేమో."

"ఇంత బరువు లాగుతుంటే అవసరం లేకపోవడమేంటి? పొగ చూడు, ఎంత గట్టిగా పనిచేస్తోందో. నీళ్లు తగ్గి తీరాలి. గొట్టంలో చూస్తే సగం ఉన్నాయి. ఒంటిగంటన్నరకీ సగమే, ఇప్పుడూ సగమే."

బాయిలర్ పక్కన నిలువుగా బిగించిన జానెడు గాజుగొట్టం సంగతి ఆయన మాట్లాడుతున్నాడు. లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉంటే గొట్టంలోనూ అంతే ఎత్తున కనబడతాయి. ఇంజనీరు లోపలి సంగతి కోసం ఎప్పుడూ చూసేది దాన్నే, అనుమానం వస్తే పక్కనున్న కుళాయిలు తిప్పి చూస్తాడు. నిప్పు ఉన్న గదికి పైకప్పుగా ఇనప రేకు ఉంటుంది, దాని మీద ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాలి. నీళ్లు దిగిపోయి రేకు బయటపడితే ఎర్రగా కాలి మెత్తబడి లోపలికి కూలుతుంది, బాయిలర్ పేలుతుంది. గేలెన్ పోయింది అలాగే.

"సగం ఉంటే మంచిదే కదా," అంది మార్లిస్.

"అది కదలట్లేదు అమ్మాయ్."



నిండుకుండ తొణకదంటారు. ఇంట్లో కుండకి ఆ సామెత సరిపోతుందేమో గాని, పనిచేస్తున్న ఆవిరి ఇంజన్‌కి సరిపోదు. బెల్టు ఊపుకి ఇంజన్ మొత్తం వణుకుతుంది, లోపల నీళ్లు మరుగుతుంటాయి, గొట్టంలో నీటిగీత వేలెడంత పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. ఆడకపోతే గొట్టానికీ బాయిలర్‌కీ మధ్య దారి మూసుకుపోయిందన్నమాట. అప్పుడు గొట్టంలో కనబడేవి ఎప్పటివో పాత నీళ్లు. ఇంజన్ల వాళ్ల ఇంట్లో పుట్టిన మార్లిస్‌కి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకి కోపం వచ్చింది ఆ మాటకి కాదు, ఆ మాట అన్న నోటికి.

"ఆ గొట్టం గురించి నువ్వు నాకు చెప్తున్నావా," అంది.

"నేను చెప్పకూడదు. ఇంకెవరన్నా చూసి చెప్తే బావుణ్ణు. అందరూ గడ్డి వైపే చూస్తున్నారు."

"ఎనభైమూడేళ్ల కళ్లు. ఇంతదూరం నుంచి."

"నా కళ్లు దగ్గరివే ఆనవు. దూరానివి బానే ఉన్నాయి." ఆయన దుర్భిణి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "మీ బావగార్ని పిలువు. కింది కుళాయి ఒక్కసారి తిప్పి చూడమను. నీళ్లొస్తే నన్ను కార్లో పడేసి ఇంటికి తోలేయ్, మళ్లీ నీ మొహం చూడమని అడగను. వెళ్లు, మార్లిస్."

ఆయన చేతికర్ర వెతుక్కుని తనే లేవబోయాడు. మార్లిస్ అది చూసింది. చూడకపోయుంటే వెళ్లేది కాదేమో.

డెల్మర్ చెక్క మంచె మీద మైకు పట్టుకుని, హిల్డా ఏ ఏడాదిలో తయారయిందో, ఎన్ని ఊళ్లు తిరిగి నూర్చిందో జనానికి చెప్తున్నాడు. మార్లిస్‌ని చూసి మైకు ఆపాడు.

"ఏంటమ్మా?"

"బావగారూ, ట్రెవర్‌ని ఒకసారి కింది కుళాయి తిప్పి చూడమంటారా? గొట్టంలో నీళ్లు కదలట్లేదని..."

"ఎవరు, ఆయనా చెప్పింది?"

ఆవిడ బెంచీ వైపు చూసింది.

"గొట్టం ఖాళీ అయిపోయిన రోజున రాని భయం సగం నిండి ఉంటే వచ్చిందా పెద్దమనిషికి?" డెల్మర్ గొంతు పెంచలేదు, పెంచి ఉంటే బావుండేది. "చూడు మార్లిస్. నువ్వు ఇంజన్ల వాళ్ల పిల్లవి, నీకు తెలుసు. ఇంజన్ వెనక అరుగు మీద నిలబడ్డ ఇంజనీరు మాటే ఆఖరిది. నడుస్తున్న ఇంజన్ దగ్గరికెళ్లి కుళాయి తిప్పి చూపించమనడమంటే, వండినావిడని ముందు నువ్వు తిని చూపించమనడమే. ఇంతమంది ముందు, వాడు ఇంజన్ ఎక్కిన మొదటి తిరనాళ్లలో, నా తమ్ముడి కొడుకుని నేనా మాట అడుగుతానా? అదీ తమ్ముణ్ణి చంపినవాడు చెప్పాడని?"

"ఒకవేళ నిజమైతే?"

"సగం ఉందమ్మా. ఇక్కణ్ణుంచి నాక్కూడా కనబడుతోంది. వెళ్లి కాఫీ తాగు."

మైకు మళ్లీ మోగింది. మంచె దిగుతుంటే మార్లిస్‌కి సిగ్గుగా అనిపించింది, దాంతోపాటే తేలిగ్గానూ అనిపించింది. డెల్మర్ చూశాడు, సగం ఉందన్నాడు, ఇక తన పూచీ లేదు. నాలుగడుగులు అలాగే నడిచింది. తర్వాత ఆగి దుర్భిణి కళ్లకి పెట్టుకుంది. ముందే ఎందుకు చూడలేదా అని తనని తాను తిట్టుకుంది.

గొట్టం వెనక ఎర్రరంగు పట్టీ. దాని మీద నల్లగా నీటిగీత, సరిగ్గా సగంలో. ఇంజన్ వణుకుతోంది, అరుగు మీద పెట్టిన నూనె డబ్బా వణుకుతోంది, ట్రెవర్ టోపీ అంచు వణుకుతోంది. గీత మాత్రం రూళ్లకర్రతో గీసినట్టు ఉంది. పది అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. అది కదలలేదు.

ఆవిడ దుర్భిణి దించేసింది.

వెనక్కి తిరిగేసరికి తండ్రి చేతికర్ర ఊతంతో తాడు దాకా వచ్చేసి ఉన్నాడు. అంతదూరం నడిచినందుకు రొప్పుతున్నాడు.

"ఏమన్నాడు?"

"సగం ఉందన్నాడు."

"ట్రెవర్‌కి గొట్టం బిగించడం ఎవరు నేర్పారు?"

"వాళ్ల నాన్నే. అన్నీ ఆయన దగ్గరే కదా నేర్చుకున్నది. చిన్నప్పుడే."

"గొట్టం చివర్లకి వేసే రబ్బరు రింగులు కొంటున్నాడా, కోస్తున్నాడా?"

"కోస్తాడు. పాత టైరు ట్యూబు రబ్బరుతో. గేలెన్ లాగే. కొన్నవి కారతాయని..."

ఆర్విన్ కళ్లు మూసుకున్నాడు. తాడు కట్టిన గుంజని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చచ్చేదాకా చెప్పకూడదనుకున్నాను," అన్నాడు.

"ఏంటి?"

"రింగు కొంచెం పెద్దగా కోసి, గాజు కొంచెం పొట్టిదైతే, వేడెక్కాక ఆ రబ్బరు మెత్తబడి గాజు మూతి మీదికి పాకుతుంది. మూత పెట్టేస్తుంది. ఒక్క చుక్క కారదు. చూసేవాళ్లకి ఎంత బాగా బిగించాడో అనిపిస్తుంది." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు గొట్టం సగం ఉంది, మార్లిస్. నేను చూశాను. పేలేముందు కూడా చూశాను. సగం ఉంది."

"విచారణలో అది నువ్వు..."

"మూడోరోజు పొద్దున్న ఆ ఇనపకుప్ప దగ్గరికి వెళ్లాను. అప్పటికింకా ఎవరూ ముట్టుకోలేదు. గొట్టం కింది చివర బిగించే ఇత్తడి గిన్నె విప్పాను. రబ్బరు అచ్చంగా మూతలా ఉంది. తీసుకెళ్లి చెరువులో పారేశాను. ఆ గొట్టం ముందురోజు సాయంత్రం బిగించింది గేలెన్."

మార్లిస్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికి ఏ కారణమైనా దొరుకుతుందేమోనని ఆయన మొహంలో వెతికింది. ఆ మొహం అబద్ధం చెప్పే మొహం కాదు. పదకొండేళ్లు అబద్ధం మోసిన మొహం అది, ఇప్పుడు దించేసింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఎవరికి చెప్పను? నీకు చెబ్దామనే ఆస్పత్రికి వచ్చాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల గేలెన్ నిన్ను అడుగుతున్నాడు, తప్పు నాదేనా అని. నువ్వు వాడి వేళ్లు పట్టుకుని, నీది కాదు, నీది కానే కాదు అన్నావు. వాడు కళ్లు మూసుకుని నిద్రపోయాడు. ఆ మాట అబద్ధం చెయ్యడానికి నాకు నోరు రాలేదమ్మా. వెనక్కి తిరిగి వచ్చేశాను." ఆయన గుంజ మీంచి ఒక చెయ్యి తీసి కళ్లు తుడుచుకున్నాడు. "తర్వాత వీడున్నాడు. పద్నాలుగేళ్లవాడు, మా నాన్నంత పనిమంతుడు లేడని ఊరంతా చెప్పుకుంటున్నాడు. మీకు కోపం పెట్టుకోవడానికి బతికున్నవాడు ఒకడు కావాలి. నేనున్నాను కదా అనుకున్నాను."

తండ్రిని కొట్టాలనిపించింది మార్లిస్‌కి. ఆ పాదాల మీద పడి ఏడవాలనిపించింది. గుమ్మంలో పెట్టి వెళ్లిపోయిన సరుకుల సంచులన్నీ, ఐదొందల పైచిలుకు వారాలవి, ఒక్కసారిగా కళ్లముందు కనబడ్డాయి. దేనికీ టైం లేదు.

"గొప్పపని చేశాననుకున్నాను," అన్నాడు ఆర్విన్. "ఆ రోజే నిజం చెప్పుంటే వీడు ఇవాళ ఆ రబ్బరు కోసేవాడు కాదు. పరిగెత్తు."

ఆవిడ తాడు కింద నుంచి దూరింది.

ఎవరి ఇంజన్ అరుగైనా ఎక్కాలంటే కింద నిలబడి అడగాలి. పెళ్లామైనా అడగాలి, దేశాధ్యక్షుడొచ్చినా అడగాలి. మార్లిస్ యాభైనాలుగేళ్ల బతుకులో ఒక్కసారి కూడా అడక్కుండా ఎక్కలేదు. ఇప్పుడు ఇనపమెట్టు మీద కాలేసి కమ్మీ పట్టుకుని ఎక్కేసింది. మెట్ల మీద కూర్చున్న జనంలో గుసగుసలు బయల్దేరాయి.

"అమ్మా, ఏంటిది? దిగు," అన్నాడు ట్రెవర్. మొహం నిండా మసి, అందులో పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. వాడికి నవ్వాలో కోప్పడాలో తెలీలేదు.

"కింది కుళాయి తిప్పు."

"ఆయన పంపాడు కదా."

"నేనే వచ్చాను. తిప్పు నాన్నా, ఒక్కసారి."

"ఇంతమంది ముందా? గొట్టం కనబడట్లేదా నీకు? సగం ఉంది."

"నలభై నిమిషాల నుంచి సగమే ఉంది. నువ్వు నీళ్లు పెట్టావా?"

"తగ్గితే కదా పెట్టేది. ఆవిరి ఎక్కడా వృథా పోట్లేదు. ఎంత పొదుపుగా నడుపుతున్నానో పెదనాన్న మైకులో చెప్పాడు కూడా."

"రబ్బర్లు ఎవరు కోశారు?"

"నేనే. నిన్న సాయంత్రం. నాన్న కోసినట్టే, కొంచెం పెద్దగా." గొట్టం కింది ఇత్తడి గిన్నెని వేలితో తట్టాడు. వాడి గొంతులో గర్వం ఉంది. "ఒక్క చుక్క కారితే అడుగు. మిగతావాళ్ల ఇంజన్లు చూడు, అన్నీ కారతాయి."

ఇక మిగిలింది ఒకే మాట. అది చెప్తే వాడి తండ్రిని వాడి కళ్లముందే రెండోసారి పాతిపెట్టినట్టు. చెప్పకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆరు రోజులు దగ్గర కూర్చుని చూసింది.

"ట్రెవర్, ఆ రోజు గొట్టం బిగించింది నాన్న," అంది. "ఇలాగే. రబ్బరు మూతి మూసేసింది. తాత చూసినప్పుడు గొట్టం సగం ఉంది."

వాడు గొట్టం వైపు చూశాడు. పక్కన పెద్ద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఆయన చెప్పాడా?"

"ఊఁ."

"తప్పించుకోడానికి ఏమైనా చెప్తాడు."

"పదకొండేళ్లు ఏమీ చెప్పలేదురా."

వాడు తల్లి తప్పని తేల్చెయ్యాలన్న కసితోనే వంగి కింది కుళాయి పట్టుకున్నాడు. గొట్టం పక్కనే ఒకదాని కింద ఒకటి మూడు ఇత్తడి కుళాయిలుంటాయి. గొట్టం సగం ఉందంటే కిందిదాంట్లోంచి వేడినీళ్లు తెల్లగా చిమ్ముతూ దూకాలి. ట్రెవర్ విసురుగా తిప్పాడు.

నీళ్లు రాలేదు. సన్నగా, నీలంగా, కంటికి ఆననంత పొడిగా ఆవిరి బుసకొట్టింది.

వాడు మూసి మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే బుస.

మసి కింద వాడి మొహం పాలిపోవడం మార్లిస్ చూసింది. వాడి చెయ్యి దానంతటదే నీళ్లు ఎక్కించే మీట మీదికి పోయింది. భయపడ్డ మనిషి ఎవడైనా చేసే పనే అది.

"ముట్టుకోకు."

ఆర్విన్ చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. తాడు ఎలా దాటాడో, అంతదూరం ఎలా నడిచాడో ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం ఒకప్పటి ఇంజనీరు గొంతే.

"కాలిన పెనం మీద చెంబెడు నీళ్లు గుమ్మరిస్తే ఏమవుతుంది? అదే అవుతుంది. చెయ్యి తియ్యి. ఇంజన్ కూడా ఆపకు, ఎలా తిరుగుతోందో అలాగే తిరగనివ్వు. ఆపితే లోపల మిగిలిన నీళ్లు ఇంకా కిందికి పోతాయి. ముందు నిప్పుని చంపు. ఇసుక తడిపి మంట మీద కప్పు. నెమ్మదిగా."

ట్రెవర్ చెయ్యి తీసేశాడు.

"పైకప్పు రేకులో సీసం బిరడా ఉంది కదా తాతా. రేకు బయటపడితే అది కరిగి ఆవిరి మంట మీద పడాలి. ఇంకా కరగలేదు. అంటే ఇంకా కాసిని నీళ్లున్నట్టే కదా?"

పదకొండేళ్లలో వాడు ఆయన్ని తాతా అని పిలవడం అదే మొదటిసారి. దానికి సంతోషించే తీరిక ఎవరికీ లేకపోయింది.

"ఉండొచ్చు," అన్నాడు ఆర్విన్. "అప్పుడూ కరగలేదు. దాని మీద నీటి గార పట్టి ఉంది. నమ్ముకోకు."

డెల్మర్ మంచె మీంచి, తిప్పిన కుళాయిలోంచి నీళ్లు దూకకపోవడం చూశాడు. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి దాని అర్థం ఇంకొకరు చెప్పక్కర్లేదు. మైకులో గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మామూలుగా వినబడింది.

"అందరూ లేవండి. గడ్డిమేటు అవతలికి, డేరాల వైపు నడవండి. పరిగెత్తొద్దు. పిల్లల్ని ఎత్తుకోండి. పనలు వేసేవాళ్లు, బండి వదిలేసి దిగండి." ఆ తర్వాత మైకు చేత్తో మూసి తాడు వైపు చూశాడు. అక్కడ ఆర్విన్ లేడు. ఇంజన్ పక్కన కనబడ్డాడు, పదడుగుల లోపలే. డెల్మర్ ఆయన్ని పొమ్మనలేదు.

మంటలార్పడానికి పెట్టిన ఇసుక బకెట్లు రెండు అరుగు కిందే ఉన్నాయి. మార్లిస్ దిగి వాటిని పైకి అందించింది, నీళ్ల డబ్బా తెచ్చి ఇసుక మీద పోసింది. ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. బుర్రలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది, దేవుడా వీణ్ణి తీసుకోకు, వీణ్ణి తీసుకోకు అని.

"అమ్మా, తాతని తీసుకుని వెళ్లిపో," అన్నాడు ట్రెవర్.

"నువ్వు దిగు. నేను వేస్తాను ఇసుక."

"నీకు లైసెన్సు లేదు."

అలాంటప్పుడు ఎవరైనా అనే మాటేనా అది. కానీ వాడు నిజంగానే అన్నాడు, వాళ్ల నాన్న అయితే ఏమనేవాడో అచ్చం అలాగే. మార్లిస్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాడు పార తీసుకున్నాడు. నిప్పుగది తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగాడు.

"నాన్నకి తెలుసా?" అన్నాడు, ఆవిడ వైపు తిరక్కుండా. "తన వల్లేనని."

"తెలీదు. అడిగాడు. కాదని చెప్పాను."

వాడు తలూపాడు. గడియ తీశాడు. లోపలి వెలుగు వాడి మొహం మీదా చొక్కా మీదా పడింది. తలుపు పూర్తిగా తియ్యకుండా, పార పట్టేంత సందు మాత్రం ఉంచి, మొదటి పార తడి ఇసుక మంట మీద పరిచాడు. చిటచిటమని ఆవిరి లేచింది. రెండో పార వెనక్కి వేశాడు. మూడోది ఎడమ మూలకి. వాడి చేతులు తొందరపడలేదు. తల్లి కళ్లకి ఆ చేతులు గేలెన్ చేతుల్లా కనబడి, ఆవిడ చూపు తిప్పుకుంది. చివరి పిల్లల్ని కూడా ఎత్తుకుని జనం గడ్డిమేటు దాటుతున్నారు.

నాలుగో పార ఎత్తుతుండగా లోపల, మంటకి పైన ఎక్కడో, ఇనుము మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టు చప్పుడయింది. పెద్దదేం కాదు. వెళ్లిపోతున్న జనానికి వినబడి కూడా ఉండదు.

ట్రెవర్ పార గాల్లోనే ఆపి తాత వైపు చూశాడు. మార్లిస్ కూడా చూసింది. ఆర్విన్ మొహంలో రక్తం లేదు. ఆ చప్పుడు ఆయన ఇంతకు ముందు ఒకసారి విన్నాడు. అది వినబడ్డాక ఎంతసేపటికి పేలిందో బతికున్నవాళ్లలో ఆయన ఒక్కడికే తెలుసు.

ఆర్విన్ చేతికర్ర కింద పడేసి, ఇంజన్ ఇనపమెట్టు మీద కాలు వేశాడు.